రెండో పీపా

బట్టీ నుంచి అప్పుడే దిగిన బర్బన్ నీళ్ళంత తేటగా ఉంటుంది. రంగుండదు. మొక్కజొన్న గంజి వాసన, గొంతు పట్టే ఘాటు, అంతే. అదే సరుకు కెంటకీ గోదాముల్లో ఆరేడేళ్ళు ఓక్ పీపాలో మాగి బయటికొచ్చేసరికి తేనెరంగు తిరిగి ఉంటుంది. పాకం, వెనీలా, లవంగం, కాస్త పొగ, ఎక్కడో అడుగున కొబ్బరి, ఇన్ని వాసనలు అందులోంచి ఒక్కొక్కటే లేచి వస్తాయి. వీటిలో మనిషి కలిపింది ఒక్కటీ లేదు. అన్నీ చెట్టు పెట్టిన భిక్షే.

చట్టం కూడా ఆ మాటే చెబుతుంది. బర్బన్ అనిపించుకోవాలంటే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపలి గోడలు మంటతో మాడ్చిన కొత్త ఓక్ పీపాలో మాగాలి. రంగు గానీ రుచి గానీ బయటి నుంచి చేర్చకూడదు. 1964లో అమెరికా కాంగ్రెస్ దీన్ని తమ దేశపు ప్రత్యేకమైన సరుకుగా తీర్మానించింది. ఈ నియమాలన్నిటిలో బరువైనది ‘కొత్త’ అన్న షరతు. ఒకసారి బర్బన్ మాగిన పీపాలో మరో బర్బన్‌ను మొదటి నుంచి మాగబెట్టడానికి వీల్లేదు. అందుకే ఖాళీ అయిన పీపాలు లక్షల్లో ఓడలెక్కుతాయి. స్కాట్లండ్‌కి, ఐర్లండ్‌కి, కరీబియన్ రమ్ము బట్టీలకి వెళతాయి. మన బెంగళూరులో అమృత్ వాళ్ళ గోదాముల్లోనూ అవి కనిపిస్తాయి.

అలాంటి బర్బన్‌ను, పూర్తిగా మాగాక, బాగుందని నిర్ణయం జరిగాక, తీసుకెళ్ళి ఇంకో కర్రతో కొన్ని వారాలో నెలలో కాపురం చేయించడం ఇటీవలి పద్ధతి. ఫినిషింగ్ అంటారు. కొందరు మరో కొత్త పీపాలోకి మారుస్తారు. కొందరు పోర్టు వైనో షెర్రీయో తాగి ఉన్న పీపాలోకి మారుస్తారు. కొందరు పాత పీపాలోనే వేరే ఓక్ బద్దలు దించుతారు. నన్ను ఏళ్ళ తరబడి పట్టి ఉంచిన ప్రశ్న ఇక్కడే పుట్టింది. నిండుగా తయారైనదానికి ఇంకేం చేర్చాలి? చేర్చింది మెరుగైందో, ముసుగైందో ఎలా తెలుస్తుంది?

స్కాచ్ వాళ్ళకి ఈ ఇబ్బంది తక్కువ. వాళ్ళు వాడేది ఎక్కువగా పాత పీపాలు. కర్రలో సారం అప్పటికే కొంత పోయి ఉంటుంది కనుక మద్యం నెమ్మదిగా, మెత్తగా మాగుతుంది. 1980ల్లో బాల్వెనీ డిస్టిలరీలో డేవిడ్ స్టూవర్ట్ అలా మాగిన విస్కీని చివర్లో షెర్రీ పీపాల్లోకి మార్చి ఈ పద్ధతికి దారి వేశారు. అక్కడ రెండో పీపాకి చేయడానికి పని మిగిలి ఉంది. బర్బన్‌కి కొత్త ఓక్ మొదటి కాపురంలోనే తన సర్వస్వం ధారపోస్తుంది. దాని మీద ఇంకో కొత్త ఓక్ అంటే ప్రమాదంతో చెలగాటమే. కాస్త ఎక్కువైందా, నోట్లో మిగిలేది వగరూ చేదూ.

ఈ ప్రమాదాన్ని అర్థం చేసుకోవాలంటే పీపా ఎలా పుడుతుందో చూడాలి. కెంటకీలో లెబనన్ అనే చిన్న ఊళ్ళో ఇండిపెండెంట్ స్టేవ్ కంపెనీ వారి పీపాల కార్ఖానా ఉంది. 1912 నుంచి బాస్‌వెల్ కుటుంబం ఈ వృత్తిలో ఉంది. అక్కడ ముప్ఫై చిల్లర ఓక్ బద్దల్ని ఇనప కట్టులో గుండ్రంగా నిలబెడతారు. ఏ రెండు బద్దలూ ఒకే వెడల్పు ఉండవు. పనివాడు వెడల్పుదీ సన్నందీ ఎంచుకుంటూ, తట్టి చూసుకుంటూ, చివరి బద్ద సరిగ్గా ఇరుక్కునేలా అమరుస్తాడు. తర్వాత ఆవిరి పట్టి వంచి రెండో కొస కూడా బిగిస్తారు. మేకు లేదు, జిగురు లేదు. కర్ర కర్రని పట్టుకునే బిగువే రెండు వందల లీటర్లని కారకుండా ఆపుతుంది.

తర్వాత నిప్పు. నిప్పులో రెండు రకాలున్నాయని ఫినిషింగ్ గురించి తెలుసుకోదలచినవాళ్ళు ముందుగా గుర్తుపెట్టుకోవాలి: సెగ వేరు, మంట వేరు. సెగ నిదానంగా పట్టించేది. కర్ర లోపలికంటా దోరగా కాలుతుంది, గోధుమరంగు తిరుగుతుంది. మంట ఒక నిమిషం లోపు వ్యవహారం. పీపాలోకి నిప్పు ఒక్కసారిగా దూసుకుపోతుంది, పైకొసన నాలుకలు చాస్తుంది, ఆర్పగానే లోపలంతా నల్లటి బొగ్గు. నాలుగో నంబరు మాడుకి యాభై సెకన్లు దాటి మంట పెడతారు. ఆ బొగ్గు పొర బీటలు తీసి మొసలి వీపులా ఎత్తుపల్లాలు తేలుతుంది. కార్ఖానాలో దాని పేరు కూడా మొసలి మాడే.

మంట వేసిన బొగ్గు మద్యంలోని పచ్చి వాసనల్ని పీల్చుకుంటుంది. సెగ వేరే పని చేస్తుంది. కర్రలోని హెమీసెల్యులోజ్ విరిగి చక్కెరలవుతుంది, అవి కమిలి పాకం రుచినిస్తాయి. లిగ్నిన్ విరిగి వెనిలిన్ వస్తుంది. యూజినాల్ అనే పదార్థం లవంగం వాసన ఇస్తుంది. లవంగంలోనూ ఉండేది అదే. కర్రలో సహజంగా ఉండే లాక్టోన్లు కొబ్బరి వాసననిస్తాయి. అమెరికా తెల్ల ఓక్‌లో ఇవి దండిగా ఉంటాయి.

వాడేసిన పీపా బద్దని అడ్డంగా కోసి చూపిస్తే నేను చాలాసేపు దాన్ని చేతిలో ఉంచుకున్నాను. పైన నల్లటి బొగ్గు. దాని కింద దోరగా కాలిన గోధుమరంగు పొర. దానికింద కర్రలో ఒక సన్నటి ఎర్రటి గీత. ఆ గీత దాటాక మళ్ళీ మామూలు కర్ర, పాలిపోయిన రంగు. ఎండాకాలంలో వేడికి ఉబ్బిన మద్యం కర్రలోకి చొచ్చుకుపోతుంది, చలికాలంలో కుంచించుకుని వెనక్కి వస్తుంది. అలా ఏడాదికేడాది ఎంత లోతుకు పోయి వచ్చిందో ఆ ఎర్రగీత చెబుతుంది. గోదాముల్లో కరిగిపోయిన కాలమంతా అక్కడ గీతై కనబడుతుంది. ఈ రాకపోకల్లో ఏటా కొంత ఆవిరైపోతుంది, దాన్ని దేవతల వాటా అంటారు. ఫినిషింగ్ చేసేవాళ్ళ అసలు సమస్య ఈ ఎర్రగీతే. రెండో కర్రలో మద్యం ఎంత లోతు వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి?

మేకర్స్ మార్క్ వాళ్ళు దీనికి కనుక్కున్న జవాబు నాకెంతో ఇష్టం. లొరెట్టోలో ఉన్న ఈ డిస్టిలరీ 1950ల్లో బిల్ శామ్యూల్స్ సీనియర్ మొదలుపెట్టింది. రై అనే ధాన్యం బదులు గోధుమ వాడి బర్బన్‌ని మెత్తబరచారాయన. ఆయన భార్య మార్జీ సీసా రూపాన్నీ ఎర్ర లక్కనీ రూపొందించారు. యాభై ఏళ్ళపాటు వాళ్ళు చేసింది దాదాపు ఆ ఒక్క విస్కీయే. కొడుకు బిల్ శామ్యూల్స్ జూనియర్ పదవి దిగేముందు తన వంతుగా ఒకటి మిగల్చాలనుకున్నారు. తండ్రి చేసినదాన్ని మార్చకూడదు, కానీ అందులో ఉన్న తీపి నోట్లో ఇంకాసేపు నిలవాలి, చేదు రాకూడదు. పీపాల వృత్తిలో ఉన్న బ్రాడ్ బాస్‌వెల్‌తో కలిసి రకరకాల కర్రల్నీ కాల్చే పద్ధతుల్నీ పరీక్షించారు. చివరికి కుదిరిన పద్ధతి సంఖ్య 46. పైపైన కాల్చిన పది ఫ్రెంచ్ ఓక్ బద్దలు. పూర్తిగా మాగిన మేకర్స్ మార్క్‌ని పీపాలోంచి తీసి, మూత విప్పి, లోపల ఈ బద్దలు దించి, అదే మద్యాన్ని మళ్ళీ పోసి తొమ్మిది వారాలు ఉంచుతారు. 2010లో ‘మేకర్స్ 46’ పేరుతో అది బయటికొచ్చింది.

ఇందులో మర్మం చలి. ఎండ తగిలితే ఫ్రెంచ్ ఓక్ వగరంతా దిగిపోతుంది. అందుకే మొదట్లో దీన్ని చలికాలంలోనే చేయగలిగేవారు. తర్వాత 2016లో కొండవాలుని తొలిచి సున్నపురాతి నేలమాళిగ కట్టారు. ఏడాది పొడవునా అక్కడ చల్లగా ఉంటుంది. మొదటి పీపా కెంటకీ ఎండల్నీ చలినీ అన్నిటినీ భరించాలి. రెండో మెరుగుకి మాత్రం నీడ కావాలి. ఏళ్ళ తరబడి ఉడుకెత్తినదాన్ని చివరి వారాల్లో చల్లగా కూర్చోబెట్టడమే ఇక్కడి విద్య.

మామూలు మేకర్స్ మార్క్‌నీ 46నీ పక్కపక్కన పోసుకుని చూస్తే విషయం అర్థమవుతుంది. ఒక్కో గ్లాసులో అరచెంచా, చెంచా చాలు. పెద్ద అట్టహాసమేమీ అక్కర్లేదు. గ్లాసు అంచు పై పెదవికి ఆనించి, నోరు కొద్దిగా తెరిచి, ముక్కుతో మెల్లగా పీలిస్తే స్పిరిట్ ఘాటు తగ్గి వాసన విడివిడిగా తెలుస్తుంది. మామూలు మేకర్స్ మార్క్ నాలిక కొసనే పలకరిస్తుంది. వెనీలా, పాకం, గోధుమరొట్టె తీపి. మింగాక ఛాతీలో కాసేపు వెచ్చగా ఉండి సెలవు తీసుకుంటుంది. 46 కూడా అక్కడే మొదలవుతుంది, అదే వెనీలా, అదే గోధుమ. మొదటి క్షణంలో తేడా తెలియదు. తర్వాత నాలిక మధ్యకి వచ్చేసరికి పాకం ముదురుతుంది, దాల్చినచెక్క వస్తుంది, లవంగం వస్తుంది. మింగిన తర్వాత కూడా నాలిక పక్కల ఆ ఘాటు నిలిచి, తీపి నెమ్మదిగా దిగుతుంది. అప్పుడు రెండు చుక్కల నీళ్ళు వేసి మళ్ళీ చూస్తే కర్ర వాసన కొద్దిగా ముందుకొస్తుంది. కానీ గోధుమ ఎక్కడికీ పోలేదు. తండ్రి కట్టిన ఇంట్లో కొడుకు ఒక అరుగు వేయించాడు, గోడలు కూల్చలేదు.

వుడ్‌ఫర్డ్ రిజర్వ్ వాళ్ళది ఇంకో దారి. 2012లో వచ్చిన వారి డబుల్ ఓక్డ్‌కి మాగిన బర్బన్‌ను ఇంకో కొత్త పీపాలోకి మారుస్తారు. ఆ రెండో పీపాకి సెగ చాలాసేపు పట్టిస్తారు, మంట మాత్రం పైపైన చూపిస్తారు. పైన చెప్పిన రెండు నిప్పుల లెక్క ఇక్కడ తలకిందులైందన్నమాట. బొగ్గు పలచన, కాలిన లోతు ఎక్కువ. అందుకే గ్లాసులో పొగ కంటే కమిలిన చక్కెర, కోకో, కాల్చిన బాదం ముందుకొస్తాయి. దీని మాతృసంస్థలో దశాబ్దాలు పనిచేసి, వుడ్‌ఫర్డ్ రిజర్వ్‌కి రూపమిచ్చిన లింకన్ హెండర్సన్, పదవీ విరమణ తర్వాత కొడుకుతో కలిసి ఏంజెల్స్ ఎన్వీ పెట్టి, బర్బన్‌ని పోర్టు వైను పీపాల్లో ముగించారు. అందులో ఎండుద్రాక్ష తీపి స్పష్టంగా తెలుస్తుంది, దాని వెనకాల బర్బన్ కూడా తెలుస్తుంది. ఆయన 2013లో కన్నుమూశారు. నలభై ఏళ్ళు ఒకే వృత్తిలో తలపండినవాడు చివర్లో చేసిన ప్రయోగం కనుకనే దానికి అంత నిదానం వచ్చిందని నా నమ్మకం.

చెట్టు మారితే కథ మళ్ళీ మారుతుంది. ఫ్రెంచ్ ఓక్‌ని నిలువు పోగు వెంబడి చీల్చాలి, రంపంతో అడ్డదిడ్డంగా కోస్తే పీపా కారుతుంది. అమెరికా తెల్ల ఓక్‌లో నాళాలు సహజంగానే మూసుకుపోయి ఉంటాయి కనుక దాన్ని రంపంతో కోసినా నిలుస్తుంది. ఫ్రాన్స్‌లో త్రోన్సే అడవి ఓక్‌ని 17వ శతాబ్దంలో పధ్నాలుగో లూయీ మంత్రి కోల్బేర్ యుద్ధనౌకల కోసం పెంచి కాపాడించాడు. నౌకల కాలం పోయింది, ఆ అడవి పీపాలకి పేరుమోసింది. జపాన్‌లో మిజునారా ఓక్ వాడకం రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మొదలైంది, దిగుమతులు ఆగిపోయాయి కనుక. అది మెలికలు తిరిగి పెరుగుతుంది, సులభంగా కారుతుంది, పీపాకి పనికొచ్చేంత లావెక్కడానికి రెండు వందల ఏళ్ళ దాకా పడుతుంది. 2020లో ఏంజెల్స్ ఎన్వీ వాళ్ళు ఈ మిజునారాలో ముగించిన బర్బన్‌ను తెచ్చారు. ఈ కర్ర పేరు చెబితే రుచి తెలిసినవాళ్ళందరూ చందనం, అగరు ధూపం అంటారు. దేవుడి గది వాసనల మధ్య పెరిగిన తెలుగు ముక్కుకి ఆ మాటలు ఎవరూ వివరించనక్కర్లేదు.

ఒక చెట్టులోనే ఎంత తేడా ఉంటుందో చూపించినది బఫలో ట్రేస్ డిస్టిలరీ. 1999లో మిజోరీ రాష్ట్రంలోని ఓజార్క్ కొండల్లో 96 ఓక్ చెట్లని ఏరి, ఒక్కో చెట్టుని పైభాగం, కిందిభాగం అని రెండుగా విడదీసి, ఒక్కో భాగం నుంచి ఒక్కో పీపా, మొత్తం 192 పీపాలు చేయించారు. కర్ర పోగు సన్నదనం, బద్దల్ని ఆరబెట్టిన కాలం, మాడిన లోతు, పీపాలోకి పోసినప్పటి గాఢత, గోదాము నేల, ధాన్యం, ఇలా ఒక్కొక్కటీ మార్చి చూశారు. 2011 నుంచి 2015 దాకా విడతలుగా విడుదల చేసి, తాగినవాళ్ళచేతే మార్కులు వేయించారు. చివరికి నెగ్గింది 80వ నంబరు పీపా, చెట్టు కిందిభాగం నుంచి వచ్చినది. వేరుకి దగ్గరగా ఉన్న కర్ర నెగ్గిందన్న సంగతి నాకు గొప్ప తృప్తినిచ్చింది.

ఇంత ప్రేమతో చెప్పాక నా అభ్యంతరం కూడా చెప్పాలి. ఈ రోజుల్లో ఫినిషింగ్ పేరు పెట్టుకుని వస్తున్న ప్రతి సీసా మెరుగు పెట్టినది కాదు. నిండా మాగని బర్బన్‌ని తీసుకెళ్ళి గాఢమైన వైను పీపాలో కూర్చోబెడితే పచ్చిదనం కప్పబడిపోతుంది. నోట్లో ద్రాక్షరసమూ చక్కెరా తప్ప ఇంకేం మిగలదు. ఘుమఘుమలాడే ఇంగువ పోపు ఎంత పెట్టినా ఉడకని పప్పు ఉడకదు. పంటికింద పలుకు తగులుతూనే ఉంటుంది. ఫినిషింగ్ చేసిన బర్బన్‌కి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. మింగాక వచ్చే ఆ చివరి రుచిలో మొదటి పీపా, మొదటి ధాన్యం ఎక్కడైనా వినిపిస్తున్నాయా? వినిపిస్తే అది మెరుగు. వినిపించకపోతే అది ముసుగు, ఎంత ఖరీదైనా సరే. అమెరికా చట్టం కూడా వేరే రకం పీపాలో ముగించినదాన్ని ఉత్త బర్బన్ అని అమ్మనివ్వదు, ఏ పీపాలో ముగించారో సీసా మీద రాయాలంటుంది. కొనేవాడి పట్ల అది న్యాయం. నిజాయతీగా చేసినవాళ్ళు ఆ రాతని దాచుకోరు, పెద్దక్షరాలతోనే వేస్తారు.

మద్యం గురించి తెలుగులో రాసేటప్పుడు నాకు దూబగుంట గుర్తుంటుంది. నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్ళో 1992లో సారా మీద తిరగబడిన ఆడవాళ్ళ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1995లో మద్యనిషేధం దాకా నడిపించింది. వాళ్ళ కోపం న్యాయమైనది, వాళ్ళ కన్నీళ్ళు నిజమైనవి. తాగుడు కూల్చిన కొంపలు మన ఊళ్ళలో ఎన్నో నేనెరుగుదును. అందుకే మత్తు కోసం తాగడానికీ రుచి చూడడానికీ మధ్య గీతని నేను గట్టిగా పట్టుకుంటాను. చెంచాడు బర్బన్ అరగంట సేపు గ్లాసులో ఉంటే దాని మీద ఎన్నో ఆలోచించవచ్చు. గ్లాసు నిండిందా, ఆ ఆలోచనలన్నీ పోతాయి, రుచి తెలుసుకునే నాలికే ముందు మొద్దుబారుతుంది. తాగనివాళ్ళు తాగనక్కర్లేదు. పీపా కథ తెలుసుకోవడానికి గ్లాసు అవసరం లేదు.

ఆ కథలో నన్ను అన్నిటికంటే కదిలించేది కాలం. తొమ్మిది వారాల మెరుగుకి వెనకాల ఆరేడేళ్ళ మాగుడు ఉంది. దాని వెనకాల ఆరుబయట ఎండకీ వానకీ ఆరిన బద్దల నెలలూ ఏళ్ళూ ఉన్నాయి. వాటి వెనకాల డెబ్భై, వందేళ్ళు పెరిగిన ఓక్ చెట్టు ఉంది. చివరి తొమ్మిది వారాలు విలువైనవి కావడం వెనకటి కాలమంతా సక్రమంగా గడవడం వల్లే. మనుషుల్లోనూ అంతే. నడివయసులో కొత్త గురువు దొరికినా, కొత్త ఊరు దొరికినా అది మనల్ని తీర్చిదిద్దగలదు. కానీ మొదటి పాతికేళ్ళలో లోపలికి దిగినదాన్ని పట్టుకునే అది పని చేస్తుంది. అది లేనివాడికి కొత్త ఊరు కొత్త వేషం మాత్రమే ఇస్తుంది.

ఇప్పుడు ఆ చెట్టుకే ఇబ్బంది వచ్చింది. అమెరికా తూర్పు అడవుల్లో పెద్ద తెల్ల ఓక్‌లు ఉన్నాయి గానీ వాటి కింద పిల్ల ఓక్‌లు చాలినన్ని పైకి రావడం లేదు. నీడని ఓర్చుకునే మేపుల్, బీచ్ మొక్కలు వాటిని దాటిపోతున్నాయి. కెంటకీలో అటవీశాస్త్రజ్ఞులు, పీపాల వాళ్ళు, డిస్టిలరీలు కలిసి వైట్ ఓక్ ఇనిషియేటివ్ పేరుతో ఈ అడవులని నిలబెట్టే పని మొదలుపెట్టారు. ఇవాళ మొలిచిన ఓక్ పీపా అయ్యేసరికి దాన్ని నాటినవాడు ఉండడు. అయినా నాటుతున్నారు. ఫినిషింగ్ మీద ఇంత పోటీపడుతున్న సంస్థలన్నీ ఈ పనిలో కూడా అంతే పోటీపడాలి.

రుచి చూసే అలవాటున్న పాఠకులకి ఒక్క మాట. ఫినిషింగ్ చేసిన సీసా కొనే ముందు, అదే డిస్టిలరీ చేసే మామూలు బర్బన్‌ని ఓసారి రుచి చూడండి. రెంటినీ పక్కపక్కన పెట్టుకోండి, రెంటినీ చెంచాడుకి మించి పోసుకోకండి. మొదటిదాన్ని ఎరగనివాడు రెండోదాని మంచిచెడ్డలు చెప్పలేడు.